బస్సు ఆగిపోతుందని చెప్పింది నేనే

నేను బస్సెక్కితే ఫోను ఛార్జింగుకు పెట్టను. సీటు పక్కనే ప్లగ్గు ఉన్నా పెట్టను. ఫోనులో చివరి గీత మిణుకుమంటున్నా జేబులో వేసుకుని కూర్చుంటాను. బతుకంతా బస్సుల కరెంటు పని చేసినవాడు ఇలా కూర్చుంటే చూసేవాళ్లకు అనుమానం రాదా? ఏమన్నా ప్రమాదముందా, మీకు తెలిసే పెట్టడం లేదా అని అడుగుతారు. నంద్యాలలో ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఈమధ్య ఇంటికే వచ్చి అడిగారు. ప్రతి సీటుకూ ఛార్జింగు పాయింటు పెట్టమని ఓనర్లు అంటున్నారట. ప్రయాణికుల చేతికి బస్సు కరెంటు ఇవ్వవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. నేను సగం జవాబు చెప్పి, టీ తాగించి పంపించాను. మిగతా సగం వాళ్ల మొహం చూస్తూ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నేను ఫోను పెట్టకపోవడానికి కరెంటు కారణం కాదు, సిగ్గు కారణం.

జోడు బ్యాటరీలు

నేను పని నేర్చుకున్నది తొంభైలలో, నంద్యాలలో మస్తాన్ మేస్త్రి షెడ్డులో. సెల్ఫ్ మోటార్లు విప్పడం, హారన్లు బాగుచేయడం, బ్యాటరీల్లో నీళ్లు పోయడం, యాసిడ్డు చుక్కలు పడి చొక్కాలు చిల్లులు పడటం, ఇదే మా చదువు. మేస్త్రి తిట్టేవాడు కాదు. తప్పు బిగిస్తే మనచేతే విప్పించి, పక్కన నిలబడి మళ్లీ మనచేతే బిగింపజేసేవాడు. అందరూ చూస్తుండగా మన పని మనమే పీకి పారేయడం తిట్టుకన్నా ఎక్కువగా తగిలేది.

ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఈ కథకు కావలసింది ఒక్కటే. బస్సుకు రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒక్కొక్కటి పన్నెండు వోల్టులు. రెంటినీ వరసగా కలిపితే బస్సుకు కావలసిన ఇరవై నాలుగు వస్తుంది. అయితే టేప్‌రికార్డరు లాంటి సామాన్లకు పన్నెండే చాలు. అందుకని ఊళ్లో అందరూ రెండు బ్యాటరీల మధ్యలోంచి ఒక తీగ లాగి, ఒకే బ్యాటరీ మీద పాటలు పాడించేవాళ్లు. సులువైన పని, ఓనరు సంతోషపడతాడు. మస్తాన్ మేస్త్రి మాత్రం ఆ తీగ ఎక్కడ కనబడినా పీకించేవాడు.

"ఇవి జోడెద్దులప్పా. ఒకదాని మీదనే బరువేస్తే అది కూలబడతాది. దాంతోపాటు రెండోది గూడా నిలబడిపోతాది" అనేవాడు.

ఆ మాట నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

టీవీ బస్సు

రెండు వేల సంవత్సరం దాటాక నేను సుబ్బయ్య శెట్టిగారి బస్సులకు పనివాణ్ణయ్యాను. ఆయనకు నంద్యాలలో పప్పుల అంగడి ఉండేది. ఆ వ్యాపారం మీద నిలదొక్కుకుని బస్సులు కొన్నాడు. మాట కటువు, మనసు మెత్తన. బస్సులో కుంకుమ బొట్టు పెట్టిన ప్రతి భాగమూ తనకు తెలుసనుకునేవాడు కానీ బ్యాటరీ పెట్టె మూత ఎన్నడూ ఎత్తి చూడలేదు. కరెంటు సంగతిలో నేను ఏది చెబితే అదే ఆయనకు వేదం. ఇంత నమ్మే యజమాని దొరకడం అదృష్టమని అప్పట్లో అనుకునేవాణ్ణి.

తిరుపతి బస్సులో టీవీ పెట్టాలన్నాడు. రెండు బ్యాటరీల మీద సమంగా నడిచే ఇన్వర్టరు హైదరాబాదు నుంచి తెప్పించాలి. ఆయన పెళ్లిళ్ల సీజను ముంచుకొస్తోందని తొందరపెట్టాడు. కరెంటు కోతలకు ఇళ్లలో పెట్టుకునే పన్నెండు వోల్టుల ఇన్వర్టరు నంద్యాల అంగళ్లలోనే దొరుకుతుంది. అది తెచ్చి, మధ్యలోంచి తీగ లాగి, ఒకే బ్యాటరీ మీద బిగించేశాను. మస్తాన్ మేస్త్రి అప్పటికే షెడ్డు మూసి కూతురి దగ్గరికి కర్నూలు వెళ్లిపోయాడు. పీకించేవాళ్లు లేరు. టీవీలో బొమ్మ రాగానే శెట్టిగారు నా భుజం తట్టాడు. నేను కూడా పొంగిపోయాను.

ఉయ్యాలవాడ పెళ్లివాళ్లు ఆ బస్సు మాట్లాడుకున్నారు. పెళ్లి అహోబిలంలో. తాళి కట్టడం అయ్యాక, భోజనాలు చేసి, అందరూ బస్సెక్కి కూర్చున్నారు. డ్రైవరు మద్దిలేటి తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. పట్టుపంచెలు ఎగ్గట్టి మగపెళ్లివాళ్లంతా బస్సు తోశారు. చివరికి పెళ్లికొడుకు కూడా బాసికం ఊడకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తోశాడట. ఫోటోగ్రాఫరు అది కూడా తీశాడు. ఆ ఫోటో తర్వాత శెట్టిగారి అంగడికి వచ్చింది.

ఆయన నన్ను పిలిపించి, కొత్త బ్యాటరీలు కదా, ఇట్లెందుకయిందని అడిగాడు. బస్సులోకి వెళ్లి చూశాను. టీవీ పక్కన ప్లగ్గు పెట్టెకు పెళ్లివాళ్లు మరిచిపోయిన సెల్‌ఫోను ఛార్జరు ఒకటి వేలాడుతోంది. అది కనబడగానే నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"సెల్లులు శెట్టిగారూ. తలా ఒకటి పెట్టి బ్యాటరీ అంతా పీల్చేసినారు."

సెల్‌ఫోను ఎంత తీసుకుంటుందో నాకు తెలుసు. డ్రైవరు తల మీద వెలిగే చిన్న బల్బు అంత కూడా తీసుకోదు. బ్యాటరీని కూలదోసింది టీవీ, దానికి నేను లాగిన తీగ. శెట్టిగారు నమ్మాడు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. మర్నాడే పెయింటరును పిలిపించి టీవీ కింద ఎర్రరంగుతో బోర్డు రాయించాడు. "సెల్ ఫోన్లు ఛార్జింగు పెట్టరాదు. బ్యాటరీ దిగి బస్సు ఆగిపోవును." నా అబద్ధం నా కళ్లముందే అందమైన అక్షరాల్లో ఆరుతోంది. ఆ బస్సు ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మొరాయించింది. రెండుసార్లూ ఎవరో దొంగతనంగా సెల్లు పెట్టి ఉంటారని చెప్పి తప్పించుకున్నాను. నా మాట పట్టుకుని నంద్యాలలో మిగతా కరెంటు పనివాళ్లు కూడా హారను మోగకపోయినా సెల్లు పేరే చెప్పడం మొదలుపెట్టారు. నోరులేని వస్తువు కదా, అందరికీ అనువైంది.

ఆళ్లగడ్డలో ఎక్కినాయన

శెట్టిగారి కుటుంబం మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి బయలుదేరింది. తమ బస్సే కాబట్టి ముందు సీట్లలో కూర్చున్నారు. దారిలో టీవీ ఆగిపోతే చూడమని నన్నూ ఎక్కించారు. నేను డ్రైవరు వెనక ఇంజను పక్కన కూర్చున్నాను. పొద్దున నంద్యాల వదిలి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరాం.

అక్కడ ఈదన్న ఎక్కాడు. ఆ పేరు నాకు తర్వాత తెలిసింది. నల్లమల అంచున ఒక చెంచుగూడెం ఆయనది. భుజం మీద తువ్వాలు, చేతిలో చిన్న సెల్‌ఫోను, జేబులోంచి వేలాడుతున్న ఛార్జరు తీగ. టికెట్టు తీసుకోగానే సీటు కూడా చూసుకోకుండా నేరుగా టీవీ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఈడ రోంత కరెంటు ఇస్తారా? మా ఇంటిదానికి కానుపు కష్టమయింది. జీపులో తిరుపతికి తీసకపోయినారు. నాకు జాగా ల్యాకపాయె. యాడుండేదీ వాళ్లమ్మ ఫోను జేసి చెప్తాది. ఇది సచ్చిపోయేట్టుంది."

గూడెంలో కరెంటు పోయి రెండు పొద్దులయిందట. ఆ ఫోను కూడా ఆయనది కాదు, ఊళ్లో అంగడాయన ఇచ్చింది. అక్కడికి వెళ్లాక ఏ ఆసుపత్రో, ఏ వార్డో చదువుకుని వెతుక్కోగలిగిన మనిషి కాదు. ఆయనకు దారి ఆ ఫోనే.

ఆ సమయంలో మా టీవీలో సినిమా నడుస్తోంది. మద్దిలేటి ఫోనూ, నా ఫోనూ స్టీరింగు కింద, శెట్టిగారికి కనబడని చోట ఛార్జింగులో ఉన్నాయి. మద్దిలేటి అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను ఈదన్నకు బోర్డు చూపించాను. ఆయనకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించాను కూడా.

శెట్టిగారు వెనక్కి తిరిగాడు. కటువు మనిషి కదా, కసురుతాడనుకున్నాను.

"ఒక్కటి పెడితే ఏమైతాదిలే ఓబులేసూ, పెట్టించు. ఆడమనిషి ఆసుపత్రిలో ఉండాదంటాండాడు" అన్నాడు.

అక్కడితో సరిపోవాలి. బోర్డు రాయించిన యజమానే పెట్టమన్నాడు. కానీ పెడితే ఏమవుతుందో నాకు తెలుసు, ఏమీ కాదు. టీవీ నడుస్తుంది, ఫోను నిండుతుంది, కడపలో టిఫిన్లకు ఆపి మళ్లీ తాళం తిప్పితే బస్సు కదులుతుంది. అప్పుడు శెట్టిగారు నా వైపు చూసి, మరి ఆ పెళ్లికొడుకు బస్సెందుకు తోశాడని అడుగుతాడు. నాకు ఆ ఒక్క ప్రశ్నే కనబడింది. ఎదురుగా నిలబడ్డ మనిషి కనబడలేదు.

"వద్దు శెట్టిగారూ, బ్యాటరీ మీద నమ్మకం లేదు" అన్నాను. తర్వాత ఈదన్న వైపు తిరిగి, "పెడితే బండి ఆగిపోతాదప్పా. ఆగితే నువ్వే తిరుపతి చేరలేవు" అన్నాను.

ఈదన్న వెంటనే తీగ చుట్టేశాడు. "అట్లయితే వద్దులేన్నా. బండి పోనీ" అని వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఏదో తనే బస్సుకు కీడు చేయబోయినట్టు తలవంచుకుని వెళ్లాడు.

చాగలమర్రి దాటేసరికి ఆయన ఫోను ఆగిపోయిందని వెనకనుంచి మాటలు వినబడ్డాయి. మైదుకూరు దగ్గర నాకు ఇంకొకటి తట్టింది. ఆయన ఫోనులోని సిమ్ము తీసి నా ఫోనులో వేస్తే చాలు, రావలసిన ఫోను వస్తుంది. లేవబోయాను కూడా. లేస్తే నా ఫోను స్టీరింగు కింది నుంచి అందరి ముందూ తీయాలి. ఛార్జింగు తీగతో సహా బయటికి రావాలి. మళ్లీ కూర్చుండిపోయి టీవీ చూశాను. ఆ సినిమాలో ఏం జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

తిరుపతిలో దిగి ఆయన ఎటు వెళ్లాలో తెలియక రోడ్డు మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తున్నాడు. శెట్టిగారి సామాన్లు దించుతూ చూశాను. సామాన్లు దించడం అయ్యాక చూస్తే లేడు.

మద్దిలేటి చెప్పింది

కొన్నాళ్లకు మద్దిలేటి మా బస్సుల షెడ్డుకు వచ్చి, ఆ ఆళ్లగడ్డ మనిషి భార్యతో తిరుగు బస్సులో వచ్చాడని చెప్పాడు. చేతుల్లో బిడ్డ లేదు. ఆ రోజు ఆయన ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి అడుగుతూ తిరిగి మర్నాడు పొద్దున్నే భార్యను కనుక్కున్నాడట. బిడ్డ పుట్టి సాయంత్రం దాకా ఉండి, చనిపోయింది. అత్తగారు ఫోను చేస్తూనే ఉందట. కలవలేదు. ఆయన చేరేటప్పటికే పాతిపెట్టేశారు.

ఫోను ఉన్నంత మాత్రాన బిడ్డ బతికేదని నేను అనను. డాక్టర్లున్నారు, వాళ్ల వల్లే కాలేదు. కానీ బస్సు మధ్యాహ్నానికి తిరుపతి చేరింది. బిడ్డ సాయంత్రం దాకా ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజున అన్నం నోట్లోకి పోలేదు.

మద్దిలేటి వెళ్తూ వెళ్తూ, మన ఫోన్లు ఆ పొద్దు నిండుగా ఉండాయి కదన్నా అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆయన నాతో పని మాటలు తప్ప వేరే మాటలు మాట్లాడటం తగ్గించేశాడు. నేను హైదరాబాదు నుంచి సరైన ఇన్వర్టరు తెప్పించి, మధ్య తీగ పీకేసి, రెండు బ్యాటరీల మీదా బిగించాను. బస్సు మళ్లీ మొరాయించలేదు. శెట్టిగారు, బోర్డు పెట్టాక దారికొచ్చిందని అందరికీ చెప్పుకున్నాడు. ఆయన ముందు నిజం చెప్పడానికి రెండుసార్లు అంగడికి వెళ్లాను. రెండుసార్లూ పప్పు కొనుక్కుని వచ్చాను.

మీరడిగినదానికి జవాబు

ప్రయాణికులకు కరెంటు ఇవ్వవచ్చా అంటే, ఇవ్వండి. ఒక బస్సు హెడ్‌లైట్లు మింగేదానితో పోలిస్తే ఒక బస్సెడు ఫోన్లు తినేది చాలా తక్కువ. కానీ ఇచ్చే పద్ధతి ఉంది. ఫోన్ల లైను వేరుగా లాగండి, దానికి ఫ్యూజు వేరుగా పెట్టండి. ఇంజను ఆగిన కాసేపటికి ఆ లైను దానంతటదే ఆగిపోయేలా చూడండి. రెండు బ్యాటరీల మధ్యలోంచి మాత్రం ఎన్నడూ తీయకండి, ఓనరు కాళ్లు పట్టుకున్నా తీయకండి.

నిజంగా వద్దనవలసిన సందర్భాలూ ఉంటాయి. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన ఒకసారి ఛార్జరుకు ప్లగ్గు ఊడిపోతే ఉత్త తీగలు రెండూ రంధ్రాల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు కుక్కాడు. తడి చేతులు. నేను చూసి లాగేశాను. ఆయన నాతో పోట్లాడాడు. ఆ రోజు నేను చెప్పిన కారణం నిజం, అందుకే ఎంత పోట్లాడినా నాకు కోపం రాలేదు. ఛార్జరు కాలుతున్నా, తీగ తెగినా, నడిచే దారికి అడ్డంగా తీగ వేలాడుతున్నా తీసేయించండి. ప్రయాణికులు కూడా బస్సు కరెంటు ఇంటి కరెంటంత నిలకడగా ఉండదని తెలుసుకుని, నిండగానే తీసి పక్కవాళ్లకు ఇవ్వాలి.

మన పనిలో ఉన్న చెడు సుఖం ఒకటుంది. మనం చెప్పేది ఎదుటివాడికి అర్థం కాదు. బ్యాటరీ దిగింది, ఎర్తు కొడుతోంది, లైను షార్టయింది అంటే ఎంతటివాడైనా తలూపుతాడు. ఆ తలూపుడు మీద బతకడం మరిగితే మనం పనివాళ్లం కాము. నేను చాలా ఏళ్లు దాని మీదే బతికాను. మస్తాన్ మేస్త్రి ఉంటే నాచేత ఏది విప్పించేవాడో నాకు తెలియదు.

మళ్లీ శిరివెళ్ల దగ్గర

ఇంకో ఏడాదో ఏడాదిన్నరో గడిచింది. పగటి పూట నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు అదే బస్సులో వెళ్తున్నాను. ఈదన్నా, ఆయన భార్యా బస్సులో ఉన్నారు. నన్ను గుర్తుపట్టి దండం పెట్టాడు. నేను దండం పెట్టి కిటికీ వైపు తిరిగాను.

శిరివెళ్లలో చదువుకునే పిల్లవాడొకడు ఎక్కాడు. చేతిలో ఫోను, ఛార్జరు. బోర్డు చదివి కూడా ప్లగ్గు దగ్గరికి చేయి పెట్టాడు. ఈదన్న లేచి వెళ్లి ఆ చేయి పట్టుకున్నాడు. కోపంగా కాదు, బిడ్డకు చెప్పినట్టు చెప్పాడు.

"వద్దు నాయనా, బండి ఆగిపోతాది. ఇంతమందికి కష్టం. కరెంటు పన్జేసే అన్న చెప్పినాడు, అద్దో ఆడనే ఉండాడు అడుగు."

బస్సులో కొందరు నా వైపు తిరిగారు. నేను లేచాను. పిల్లవాడి చేతిలోంచి ఛార్జరు తీసుకుని ప్లగ్గులో పెట్టాను. ఫోను వెలిగింది.

ఈదన్న ఆ వెలుగు చూశాడు. తర్వాత కిందికి, ఇంజను వైపు చూశాడు. కాసేపు చప్పుడు విన్నాడు.

"ఆగదా అన్నా?"

"ఆగదప్పా."

నాకు ఆ ప్రశ్న వస్తుందని తెలుసు.

"మరి ఆ పొద్దు?"

"ఆ పొద్దు కూడా ఆగేది గాదు. నేను అబద్ధం చెప్పినా."

కొడతాడనుకున్నాను, కొడితే పడదామనే నిలబడ్డాను. ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుని వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె అంతా విన్నది. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు.

"మొగపిల్లోడన్నా" అన్నది. "నేను సూసినా. ఈయప్ప సూడలే."

పిల్లవాడి ఫోను దారిపొడుగునా వెలుగుతూనే ఉంది. ఆళ్లగడ్డలో వాళ్లిద్దరూ దిగిపోయేదాకా బస్సు ఎక్కడా ఆగిపోలేదు.